గండం నేల మీద నిలబడ్డ శనివారం

1979 ఏప్రిల్ 7, శనివారం, సాయంత్రం అయిదున్నర. జపాన్‌లో నగోయా టీవీ అనే స్టేషన్‌లో పిల్లల కోసం ఒక కొత్త రోబో సీరియల్ మొదలైంది. పేరు 'కిడో సెన్షి గండం'. ఇంగ్లీషు వాళ్ళ పుణ్యమా అని మనలో చాలామందికి 'మొబైల్ సూట్ గుండం' గా తెలుసు గానీ, జపాన్ వాళ్ళు పలికేది వింటే అచ్చం మన 'గండం' లాగే ఉంటుంది. నీటిగండం, గండం గడిచి పిండం బయటపడింది అంటామే, ఆ గండం. అసలైతే ఆ పేరుని తుపాకీకి వాడే 'గన్', 'ఫ్రీడమ్'లో చివరి ముక్క కలిపి తయారుచేశారు. అది వాళ్ళ గొడవ. మొదటి ఎపిసోడ్ చూసిన తర్వాత నాకైతే తెలుగు అర్థమే దానికి అతికినట్టు సరిపోయిందనిపించింది.

ఎపిసోడ్ పేరుకి అర్థం 'గండం నేల మీద నిలబడింది' అని. యానిమే చరిత్ర రాసిన ప్రతివాడూ ఈ ఎపిసోడ్ దగ్గర ఒక నిమిషం ఆగుతాడు. ఆగి, 'కాలానికి ముందు పుట్టింది, అందుకే మొదట్లో ఎవరికీ అర్థం కాలేదు, తర్వాత అందరూ నెత్తిన పెట్టుకున్నారు' అని ఒక ముక్క చెప్పి ముందుకెళ్ళిపోతాడు. ఈ ముక్క మీద నాకు కొంచెం పేచీ ఉంది. ఆ రోజు టీవీ ముందు కూర్చున్న పిల్లలకి అది బాగానే అర్థమయ్యుంటుందని నా అనుమానం. అర్థమయ్యే ఛానల్ మార్చి ఉంటారు.

ఎందుకో చెప్పాలంటే ముందు వారం సంగతి చూడాలి. సరిగ్గా అదే స్టేషన్‌లో, అదే టైములో, మార్చి 31 దాకా 'డైటార్న్ 3' అనే సీరియల్ వచ్చింది. తీసింది కూడా అదే కంపెనీ (నిప్పన్ సన్‌రైజ్), అదే దర్శకుడు (టొమినో యోషియుకి). అందులో హీరో కోటీశ్వరుడు, జేమ్స్ బాండ్ టైపు. సూటు వేసుకుని అమ్మాయిల్ని వెంటేసుకుని తిరుగుతూ, అవసరమైనప్పుడు పెద్ద రోబోని పిలిచి విలన్లని చితక్కొడతాడు. మధ్యమధ్యలో జోకులు. మన సినిమాల లెక్కలో పక్కా మాస్ మసాలా అన్నమాట. నగోయాలో ఏ ఏడేళ్ళ పిల్లాడో ఆ శనివారం అది చూసి చప్పట్లు కొట్టి, తర్వాతి శనివారం అదే టైముకి అదే మూడ్‌లో టీవీ ముందు కూర్చున్నాడనుకోండి. వాడికి ఏం కనిపించింది?

మొట్టమొదట ఒక గంభీరమైన గొంతు వినిపిస్తుంది. జనాభా ఎక్కువైపోయి మనుషుల్ని అంతరిక్షంలోకి తరలించడం మొదలుపెట్టి యాభై ఏళ్ళయిందట. యూనివర్సల్ సెంచరీ 0079వ సంవత్సరం. భూమికి అన్నిటికన్నా దూరంగా ఉన్న సైడ్ 3 అనే కాలనీల గుంపు జియోన్ అని పేరు పెట్టుకుని భూమి మీద స్వాతంత్ర్య యుద్ధం ప్రకటించింది. ఒక నెల పైచిలుకు కాలంలో రెండు పక్షాలూ కలిసి మొత్తం మానవజాతిలో సగం మందిని చంపేశాయి. తాము చేసిన పనికి మనుషులే భయపడిపోయారు. యుద్ధం ఎటూ తేలక ఎనిమిది నెలలు గడిచాయి. ఇక్కడితో ఉపోద్ఘాతం అయిపోయింది, కథ ఇక్కణ్ణించి మొదలు.

ఒక్కసారి ఆలోచించండి. పిల్లల సీరియల్, శనివారం సాయంత్రం, మొదటి నిమిషం, మానవజాతిలో సగం మంది పోయారు! పైగా ఇందులో రాక్షసులు లేరు, గ్రహాంతరవాసులు లేరు. చంపినవాళ్ళూ మనుషులే, చచ్చినవాళ్ళూ మనుషులే.

ఆ తర్వాత సైడ్ 7 అనే కాలనీలోకి జియోన్ వాళ్ళ రోబోలు మూడు దొంగతనంగా దూరతాయి. వాటిని జాకులు అంటారు. ఆకుపచ్చ రంగు, ఒంటి కన్ను. ఆ మూడింట్లో ఉన్నవాళ్ళ పేర్లు డెనిమ్, జీన్, స్లెండర్ (మొదటి ఇద్దరి పేర్లు చూస్తే ఎవరో బట్టల కొట్టుకెళ్ళి పెట్టినట్టుంది). వచ్చిన పని నిఘా మాత్రమే, చూసి వెనక్కి రావాలి. కానీ జీన్ కుర్రాడు. ఇక్కడ ఏదైనా చేసి చూపిస్తే ప్రమోషన్ ఖాయం అన్న ఊపులో ఉంటాడు. మన షా ఆఫీసర్ గారు కూడా ఇలాగే పైకొచ్చారు కదా అని సీనియర్‌తో వాదించి, వద్దంటున్నా వినకుండా కాల్పులు మొదలుపెడతాడు. అప్రైజల్ ముందు అత్యుత్సాహంతో ప్రొడక్షన్‌లో చెయ్యి పెట్టిన జూనియర్ ఎవరైనా గుర్తొచ్చారా? నాకొచ్చారు. ఈ సిరీస్‌లో నలభై మూడు ఎపిసోడ్ల యుద్ధానికీ అగ్గిపుల్ల గీసింది ఆ కుర్రాడి తొందరే.

ఇక మన హీరో అమురో రే. వయసు పదిహేను. మొదటిసారి కనిపించేసరికి బనీను మీద కూర్చుని ఏదో సర్క్యూట్ పీకి పెట్టుకుని ఉంటాడు. బయట సైరన్ మోగుతోంది, ఊరంతా ఖాళీ చేసి షెల్టర్లకి వెళ్ళమంటున్నారు, వీడికి చెవినపడదు. పక్కింటి పిల్ల ఫ్రౌ బో వచ్చి, అన్నం తిన్నావా, బట్టలు వేసుకున్నావా అని కసిరి లాక్కెళుతుంది. హాస్టల్ రోజుల్లో ఇలాంటివాడు ప్రతి వింగ్‌లోనూ ఒకడుండేవాడు. నిజం చెప్పాలంటే ఇది చదువుతున్నవాళ్ళలో సగం మంది వాళ్ళే అయ్యుంటారు :-)

వాడి తండ్రి టెమ్ రే, భూమి తరఫు సైన్యంలో ఇంజనీరు. గండం అనే కొత్త యంత్రం ఆయన సృష్టే. ఎపిసోడ్ మొదట్లో ఆయనకొక చిన్న సీను ఉంది, తెలియకుండా చూస్తే ఇట్టే జారిపోతుంది. వైట్ బేస్ అనే ఓడలో బ్రైట్ అనే పందొమ్మిదేళ్ళ కేడెట్‌తో మాట్లాడుతూ, గండం పెద్దయెత్తున తయారయ్యిందంటే యుద్ధం త్వరగా ముగుస్తుంది, నీలాంటి కుర్రాళ్ళు పోరాడాల్సిన అవసరం ఉండదు అంటాడు. టేబుల్ మీద కొడుకు ఫొటో ఉంటుంది. ఈ వయసు పిల్లలు కూడా ఎక్కడో గెరిల్లా యుద్ధంలో ఉన్నారట కదా అని అడుగుతాడు. అవునట అంటాడు బ్రైట్. పాపం, ఘోరం అని బాధపడతాడాయన.

ఇంకో పావుగంటలో ఏం జరుగుతుందో చూడండి. షెల్లింగ్ మొదలవుతుంది. అమురో తండ్రిని వెతుక్కుంటూ షెల్టర్ లోంచి బయటకొస్తాడు. పేలుడుకి ఎగిరొచ్చిన ఒక పుస్తకం కాళ్ళ దగ్గర పడుతుంది. తీసి చూస్తే, సైన్యం రహస్యంగా తయారుచేస్తున్న యంత్రం తాలూకు మాన్యువల్. చుట్టూ బాంబులు పడుతుంటే వీడు మాన్యువల్ చదువుతాడు! తండ్రి కనపడితే, జనాన్ని ఎక్కించకుండా గండం భాగాల్ని ముందు ఓడలోకి ఎక్కించడమేంటి, మనుషుల కన్నా యంత్రాలు ముఖ్యమా అని నిలదీస్తాడు. తండ్రి దగ్గర దానికి జవాబుండదు, పని ఉంటుంది. వాడికి ఓడలోకి వెళ్ళమని చెప్పి తన పనిలో తాను పడిపోతాడు. ఈలోగా ఫ్రౌ బో కళ్ళ ముందే వాళ్ళమ్మా, తాతా ఒక్క పేలుడులో పోతారు. అమురో ఆ పిల్లని ఓదార్చి, పరిగెత్తమని చెప్పి పంపేసి, పక్కన పడుకోబెట్టి ఉన్న గండం లోకి ఎక్కుతాడు.

లోపల కూర్చుని, మాన్యువల్ ఒళ్ళో పెట్టుకుని, పేజీలు తిప్పుతూ ఒక్కో స్విచ్చి నొక్కుతుంటాడు. ఇది కదులుతోందే అని ఆశ్చర్యపోతాడు. జాకు కన్నా అయిదు రెట్లకి పైగా శక్తి అని మురిసిపోతాడు. ఆ ముఖం చూడండి. అప్పటిదాకా ఏడుపు, కోపం ఉన్న పిల్లాడి ముఖంలో ఒక్క క్షణం వెలుగొస్తుంది. కొత్త మెషీన్ బూట్ అయినప్పుడు, వారం రోజులుగా కంపైల్ కాని ప్రోగ్రాం మొదటిసారి రన్ అయినప్పుడు మనకొచ్చే వెలుగే. సైన్స్ ఫిక్షన్‌లో ఇంజనీరు ఆనందాన్ని ఇంత నిజాయితీగా చూపించిన సీను నేను ఇంకోటి చూడలేదు.

గండం లేచి నిలబడుతుంది. జీన్ భయపడి పారిపోబోతాడు. అమురో వెంటపడి వెలుగు కత్తితో వాడి జాకుని అడ్డంగా నరికేస్తాడు. జాకు లోపల ఉన్నది అణు రియాక్టర్. అది పేలి కాలనీ గోడకి కన్నం పడుతుంది. ఆ కన్నం లోంచి గాలితో పాటు కొట్టుకుపోయి శూన్యంలోకి విసిరేయబడ్డవాళ్ళలో టెమ్ రే ఒకడు. అంటే ఆ యంత్రం మొదటి విజయమే దాన్ని తయారుచేసినవాణ్ణి బయటికి విసిరేసింది. విసిరేసింది వాడి కొడుకే. వాడికి ఆ సంగతి అప్పటికి తెలియను కూడా తెలియదు.

రెండో జాకు మీదకొస్తుంది. ఈసారి అమురో ఆలోచిస్తాడు. మళ్ళీ పేలిస్తే ఇంకో కన్నం. కాబట్టి యంత్రం పేలకుండా లోపలివాణ్ణి మాత్రమే చంపాలి. కత్తిని తిన్నగా కాక్‌పిట్‌లో దింపుతాడు. అంతే, జాకు ఆగిపోతుంది. బగ్ ఫిక్స్ చేసినంత తేలికగా, ఒక పదిహేనేళ్ళవాడు మనిషిని ఎలా చంపాలో డిజైన్ చేసుకున్నాడు. చివర్లో ముసుగు తొడుక్కున్న షా (జియోన్ ఆఫీసరు, తర్వాత ఈ సిరీస్‌కి ప్రాణం పోసిన విలన్) తన ఓడలో కూర్చుని, కుర్రతనంలో చేసిన తప్పుల్ని ఒప్పుకోవడం కష్టమే సుమా అన్న అర్థం వచ్చే మాటొకటి అంటాడు. ఎపిసోడ్ అయిపోతుంది.

1972 చివర్లో వచ్చిన 'మజింగర్ జెడ్' దగ్గర్నించి ఈ తరహా సీరియల్స్‌కి ఒక లెక్క ఉంది. తాతో తండ్రో రోబోని తయారుచేసి మనవడి చేతికో కొడుకు చేతికో ఇస్తాడు. ఇచ్చేటప్పుడు నాలుగు మంచి మాటలు చెబుతాడు. వారానికో రాక్షసుడు, ఆఖరి అయిదు నిమిషాల్లో కొత్త ఆయుధం, విజయం, ప్రకటనల్లో అదే రోబో బొమ్మ. గండంలో తండ్రి ఏమీ ఇవ్వడు, కొడుకే తీసుకుంటాడు. రాక్షసుడు లేడు, ప్రమోషన్ కోసం తాపత్రయపడ్డ కుర్రాడున్నాడు. గెలిచాక చప్పట్లు లేవు, గోడకి కన్నం ఉంది. కాబట్టి ఏడేళ్ళ పిల్లాడికి అర్థం కాలేదనడం అన్యాయం. భయమేసింది. ఇది నా బొమ్మ కాదని తెలిసిపోయింది. చిన్నపిల్లలు ఈ విషయంలో మహా తెలివైనవాళ్ళు.

ఈ ఎపిసోడ్‌ని ఈ మధ్య ఒక ఆదివారం మా రూములో ఇద్దరు మిత్రులకి చూపించాను. ఇద్దరూ కొత్త యానిమేలు తెగ చూసేవాళ్ళే. ఒకతను మొదటి పది నిమిషాలూ బొమ్మల్ని వెక్కిరించాడు. "ఏంట్రా బాబూ ఇది, నోళ్ళు మాత్రమే కదులుతున్నాయి, మనుషులు కదలట్లేదు!" అని. టెస్టింగ్‌లో పనిచేసే రెండో అతను మాత్రం జాకు పేలి గోడకి కన్నం పడగానే లేచి కూర్చున్నాడు. "ఈ యంత్రాన్ని జనం ఉండే ఊళ్ళో పెట్టి టెస్ట్ చెయ్యమని ఎవడు చెప్పాడు మావా?" అన్నాడు. నలభై ఏళ్ళ పైబడిన ఈ ఎపిసోడ్ మీద విమర్శకులు రాసినవి చాలా చదివాను గానీ ఇంత సూటి ప్రశ్న ఎక్కడా తగల్లేదు.

బొమ్మల సంగతికి వస్తే, మొదటివాడు అన్నది తప్పేం కాదు. సెకనుకి 24 ఫ్రేములుంటే ఒక్కో బొమ్మని మూడేసి ఫ్రేములు నిలిపి, ఎనిమిది బొమ్మలతో సెకను లాగించడం, ఒకసారి గీసినదాన్ని దాచి మళ్ళీ మళ్ళీ వాడటం జపాన్ టీవీలో 1963 జనవరి 1న మొదలైన 'టెట్సువాన్ ఆటం' (అదే, ఆస్ట్రో బాయ్) నుంచీ ఉంది. దాన్ని తీసిన తెజుకా ఒసాము, టీవీ వాళ్ళకి ఎపిసోడ్‌ని అయ్యే ఖర్చు కన్నా తక్కువకి ఒప్పుకున్నాడు. మిగతాది బొమ్మల హక్కుల మీదా, విదేశీ అమ్మకాల మీదా రాబట్టుకోవచ్చని. ప్రాజెక్టుని తక్కువకి కోట్ చేసి తర్వాత చేంజ్ రిక్వెస్టుల మీద సంపాదిద్దామనుకునే మేనేజర్ల కథ మనకి కొత్తా? ఫలితం కూడా మనకి తెలిసిందే. తర్వాత వచ్చినవాళ్ళందరికీ ఆ తక్కువ రేటే మామూలు రేటయిపోయింది, లోటు పూడ్చడానికి బొమ్మల కంపెనీలు స్పాన్సర్లుగా వచ్చి నెత్తినెక్కాయి. తెజుకా పెట్టిన ముషి ప్రొడక్షన్ 1973లో దివాలా తీసింది. అందులోంచి ముందే బయటికొచ్చేసిన కొందరు 1972లో పెట్టుకున్న సంస్థే సన్‌రైజ్. టొమినో కూడా 1964లో ముషిలో చేరి ఆటం మీద పని నేర్చుకున్నవాడే.

అందుకని గండంలో బీదతనం కనిపిస్తుంది. ఏమాటకామాటే చెప్పుకోవాలి, యాసుహికో యోషికాజు గీసిన ముఖాలు మాత్రం ఆ బీదతనాన్ని చాలావరకు కప్పేస్తాయి. ఫ్రౌ బో ఏడుస్తూ పరిగెత్తే షాట్‌లో ఉన్న బొమ్మలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు, అయినా గుండె పట్టేస్తుంది. రోబోల్ని గీసిన ఒకావరా కునియో కష్టాలు వేరు. ఇది యుద్ధయంత్రం. క్లోవర్ అనే బొమ్మల కంపెనీకి మాత్రం కొట్లో మెరవాలి, అందుకని ఎరుపు, నీలం, పసుపు పులిమించింది. జాకుకి ఆ బాధ లేదు, శత్రువుల రోబోల బొమ్మలు అమ్మే ఉద్దేశం వాళ్ళకి పెద్దగా లేదు కాబట్టి. అందుకే జాకు నిజమైన సైనిక వాహనంలా ఉంటుంది. క్లయింటు కన్ను పడని మాడ్యూలే బాగా రాస్తాం కదా, అలాగన్నమాట.

ఇంజనీర్లకి నచ్చే ఇంకో సంగతి ఆ కాలనీ. అది ఊరికే ఊహించింది కాదు. ప్రిన్స్‌టన్‌లో భౌతికశాస్త్రం చెప్పిన జెరార్డ్ ఓ'నీల్ 1974లో ఒక వ్యాసంలో అంతరిక్షంలో ఊళ్ళు ఎలా కట్టొచ్చో లెక్కలతో సహా రాశాడు. ఆ లెక్కల్లో పెద్ద నమూనా దాదాపు 6.4 కిలోమీటర్ల వ్యాసం, 32 కిలోమీటర్ల పొడవు ఉన్న సిలిండరు. లోపలి గోడలో మూడు పట్టీలు నేల, మధ్యలో మూడు పట్టీలు అద్దాలు. తన చుట్టూ తాను తిరుగుతుంటే లోపల బరువు పుడుతుంది. మన పదో తరగతి సూత్రంతో లెక్కేస్తే, భూమి మీద ఉన్నంత బరువు కావాలంటే సుమారు 114 సెకన్లకొక చుట్టు తిరగాలి. టొమినో బృందం ఆ నమూనానే తెచ్చి గండంలో పెట్టారు. తల పైకెత్తితే ఆకాశం ఉండాల్సిన చోట ఇంకో ఊరు కనిపిస్తుంది. 1979లో టీవీలో ఆ దృశ్యం చూసినవాళ్ళకి ఎలా ఉండి ఉంటుందో!

ఇంకో లెక్క కూడా వేశాను, వేయకుండా ఉండలేకపోయాను. అంత పెద్ద సిలిండర్లో వెయ్యి ఘన కిలోమీటర్ల పైన గాలి పడుతుంది. పది మీటర్ల కన్నం పడినా లోపలి గాలి చెప్పుకోదగ్గంత పోవడానికి నెలలు కాదు, ఏళ్ళు పడుతుంది. అంటే కాలనీకి కన్నం వల్ల వెంటనే ముంచుకొచ్చే ముప్పేమీ లేదు. కన్నం పక్కన నిలబడినవాడికే ముప్పు. టెమ్ రే పక్కనే ఉన్నాడు.

ఈ టెమ్ రే అనే మనిషిని నేను తేలిగ్గా తీసుకోలేకపోతున్నాను. టొమినో 1941 నవంబరులో ఒడవరాలో పుట్టాడు. వాళ్ళ నాన్న ఇంజనీరు. యుద్ధకాలంలో, ఎత్తుల్లో ఎగిరే పైలట్లు వేసుకునే ప్రెషర్ సూట్ల పరిశోధనలో పనిచేశాడు. ఇంట్లో ఉన్న ఆ సూట్ల ఫొటోలు చూస్తూ పెరిగానని టొమినో తర్వాత చెప్పాడు. మనిషి లోపల దూరి యుద్ధం చేసే ఒక తొడుగు, దాన్ని తయారుచేసే తండ్రి, ఆ ఫొటోలు చూసే కొడుకు. ఇవి మూడూ పక్కపక్కన పెడితే గండం మొదటి ఎపిసోడ్ సగం వచ్చేస్తుంది. రోబోకి 'మొబైల్ సూట్' అన్న పేరు రావడానికి హైన్‌లైన్ రాసిన 'స్టార్‌షిప్ ట్రూపర్స్' నవలలోని కవచాలు కారణమని అందరూ చెబుతారు. అది నిజమే. కానీ సూటు అన్న మాట టొమినో ఇంట్లో అంతకు ముందే ఉంది.

టెమ్ రే చెడ్డవాడు కాడు. కుర్రాళ్ళు యుద్ధానికి వెళ్ళకుండా ఉండాలనే ఆ యంత్రాన్ని తయారుచేశాడు. మనస్ఫూర్తిగా నమ్మాడు కూడా. యంత్రం కూడా చక్కగా పనిచేసింది. స్పెసిఫికేషన్‌లో ఉన్న ప్రతి ముక్కా నిజమైంది, మాన్యువల్ చూసి పదిహేనేళ్ళవాడు నడపగలిగేంత బాగా డాక్యుమెంట్ చేశాడు. సరిగ్గా అందువల్లే పదిహేనేళ్ళవాడు నడిపాడు. యంత్రం అంత బాగా కుదరకపోయి ఉంటే అమురో ఎక్కి, స్టార్ట్ కాక, దిగిపోయి, ఫ్రౌ బో వెనకాల పరిగెత్తేవాడు. మామూలు కథల్లో యంత్రం చెడిపోయి ప్రమాదం జరుగుతుంది. ఇందులో యంత్రం పనిచేసి జరిగింది. ఇరవయ్యేళ్ళకి పైగా మనం ఎవరెవరి కోసమో రాసి పంపిస్తున్న కోడ్ ఎక్కడ, ఎవరి మీద, ఎలా నడుస్తోందో మనలో ఎంతమందికి తెలుసు? టెమ్ రేకి కనీసం కొడుకు ఫొటో టేబుల్ మీద ఉంది.

సరే, మళ్ళీ చరిత్రలోకి వద్దాం. సీరియల్ సాగినకొద్దీ అంకెలు ఏడిపించాయి. మొత్తమ్మీద నగోయా వైపు సగటున 9.1 శాతం మంది చూస్తే, టోక్యో చుట్టుపక్కల 5.3 శాతమే చూశారు. క్లోవర్ బొమ్మలు అనుకున్నట్టు అమ్ముడుపోలేదు. 52 ఎపిసోడ్లు అనుకున్నదాన్ని 43కి కుదించి 1980 జనవరి 26న ముగించేశారు. అయితే చూసిన ఆ కాస్త జనం ఎవరన్నది ముఖ్యం. హైస్కూలు పిల్లలు, కాలేజీ పిల్లలు, అందులో అమ్మాయిలు కూడా బాగానే. అప్పటికి ఇళ్ళల్లో వీసీఆర్లు బహు తక్కువ, కాబట్టి టీవీ పక్కన టేప్‌రికార్డర్ పెట్టి మాటలు మాత్రం రికార్డు చేసుకుని మళ్ళీ మళ్ళీ వినేవాళ్ళు. మన పెద్దవాళ్ళు సినిమా కథ క్యాసెట్లు విన్నట్టు. అప్పుడప్పుడే పుట్టిన యానిమే పత్రికలకి ఉత్తరాలు రాసేవాళ్ళు. వీళ్ళు రోబో బొమ్మలు కొనే వయసు దాటిపోయినవాళ్ళు, అందుకే క్లోవర్ లెక్కల పుస్తకంలో వీళ్ళకి చోటు లేకపోయింది.

ఆ చోటు బండాయ్ కనిపెట్టింది. సీరియల్ ఆగిపోయిన ఆర్నెల్లకి, 1980 జూలైలో, అసలు గండానికి 144వ వంతు సైజులో ప్లాస్టిక్ కిట్ తెచ్చింది. ధర 300 యెన్లు. ముక్కలు మనమే విడగొట్టి, అతికించి, రంగులేసుకోవాలి. అంటే డబ్బాలోంచి తీసి ఆడుకునే బొమ్మ స్థానంలో, మాన్యువల్ చూసి కట్టుకునే యంత్రం వచ్చిందన్నమాట! పునఃప్రసారాల్లో సీరియల్ చూసిన పిల్లలు కొట్ల ముందు వరసలు కట్టారు. 1981 ఫిబ్రవరి 22న షింజుకు స్టేషన్ దగ్గర సినిమా ప్రచారానికి సభ పెడితే వేలమంది వచ్చి పడ్డారు. ఆ రోజు వేదిక మీద 'యానిమే కొత్త శతాబ్ది ప్రకటన' అని ఒకటి చదివారు. అదే ఏడు మార్చి నుంచి 1982 మార్చి దాకా మూడు సినిమాలుగా సీరియల్‌ని కుదించి విడుదల చేస్తే అన్నీ ఆడాయి. 1983లో క్లోవర్ దివాలా తీసింది. ఆ తర్వాత బండాయ్ అమ్మిన కిట్లు కోట్ల లెక్క.

ఇక్కడ నాకు నవ్వాలో ఏడవాలో తెలియదు. యంత్రాన్ని నమ్మకు అని చెప్పిన కథ, చరిత్రలోనే అత్యధికంగా అమ్ముడైన యంత్రాల బొమ్మల్లో ఒకదానికి ప్రకటనగా మారింది. జీన్ ఎక్కిన జాకు కూడా కిట్‌గా దొరుకుతుంది. 2009లో టోక్యోలోని ఒదైబాలో 18 మీటర్ల అసలు సైజు గండం నిలబెట్టారు. 2020 డిసెంబరు నుంచి 2024 మార్చి దాకా యోకొహామా రేవులో ఒకటి చేతులూ కాళ్ళూ కదిపింది కూడా. దాని కింద పిల్లల్ని భుజాల మీద కూర్చోబెట్టుకుని నిలబడ్డ తండ్రుల వీడియోలు బోలెడున్నాయి. చూస్తే నాకూ ఒళ్ళు పులకరించింది, అబద్ధమెందుకు. అమురో ముఖంలో వెలుగొచ్చిన ఆ ఒక్క క్షణం అంత బలమైనది. దాని తర్వాత వచ్చిన అరనిమిషాన్ని అది మింగేసింది.

టొమినో మాత్రం ఆ అరనిమిషాన్ని మర్చిపోలేదు. శూన్యంలోకి కొట్టుకుపోయిన టెమ్ రే చచ్చిపోలేదని 33వ ఎపిసోడ్‌లో తెలుస్తుంది. సైడ్ 6 అనే తటస్థ కాలనీలో అమురోకి రోడ్డు మీద కనపడతాడు. ఆక్సిజన్ అందక బుర్ర దెబ్బతింది. ఒక పాత సామాన్ల గదిలో ఉంటున్నాడు. కొడుకు ఎలా ఉన్నాడని అడగడు, గండం ఎలా ఉంది అని అడుగుతాడు. తాను తయారుచేసిన ఒక సర్క్యూట్ చేతిలో పెట్టి, ఇది తగిలించు, దాని శక్తి ఎన్నో రెట్లు పెరుగుతుంది అంటాడు. అమురో చూస్తాడు. ఎప్పుడో పాతబడిపోయిన భాగం అది. సరే నాన్నా అని తీసుకుని బయటికొస్తాడు. వీధిలోకి వచ్చాక దాన్ని నేలకేసి కొట్టి, పరిగెత్తుకుంటూ వెళ్ళిపోతాడు.